రామెన్: జపాను వీథులలో ఒక గిన్నె కథ

రాజుల వంశావళులు, యుద్ధముల తేదీలు మాత్రమే చరిత్ర యని భావించు కాలము గడచిపోయినది. ప్రజలు ఏమి తినిరి, దానిని ఎవరివద్ద నేర్చిరి, తినుటకు ఎవరి యనుమతి కావలసివచ్చెను అనునవియు చరిత్రకారులు అడుగదగిన ప్రశ్నలే. ఈ ప్రసంగమున మేము జపానుదేశపు పూటకూటి బల్లమీద దొరకు ఒక గిన్నెను తీసికొని, దానిలోని పదార్థములు ఎచ్చటనుండి వచ్చెనో పరిశీలింపదలచితిమి. ఆ వంటకము పేరు రామెన్.

శ్రోతలు ఒక చిన్న దుకాణమును ఊహించుకొందురు గాక. క్యూషూ ద్వీపములోని ఫుకువోకా నగరమున, ఒక సందులో, పదిమంది మాత్రమే కూర్చుండదగిన చోటు. పొడవైన బల్ల యొక్కటి. దాని కావల వంటవాడు, ఈవల తినువారు. గుమస్తా, కూలివాడు, విద్యార్థి భుజములు రాచుకొని కూర్చుందురు. అడిగిన కొలది నిమిషములకే పెద్ద పింగాణి గిన్నె ముందునకు వచ్చును. అందులోని చారు పాలవలె తెల్లగా, చిక్కగా ఉండును. అది పందియెముకలను గంటలకొలది ఉడికించి తీసినది. చారులో మన సేమియాకంటె కొంచెము లావైన, చాల పొడవైన గోధుమతీగలు. పైన మెత్తగా ఉడికిన పందిమాంసపు బిళ్లలు, తరిగిన ఉల్లికాడలు. రెండు పుల్లలతో తీగల నెత్తి, చప్పుడగునట్లు జుఱ్ఱుట అచ్చట అమర్యాద కాదు. తిన్నవాడు వెంటనే లేచిపోవును. వెనుక నిలిచినవాడు ఆ పీటమీద కూర్చుండును.

మన శ్రోతలలో పందిమాంసము ముట్టనివారు పెక్కురు. జపానీయులలోను ఒకప్పుడు పలువురు అట్టివారే యని చెప్పినచో ఆశ్చర్యము కలుగవచ్చును. నేడు ఆ దేశమునకు గుర్తుగా లోకమంతట అమ్ముడుపోవు ఈ గిన్నెలో ముఖ్యమైనవి మూడు: మాంసము, తీగలు, ఆ తీగలకు కావలసిన గోధుమపిండి. మొదటిది ఒకప్పుడు నింద్యమైనది, రెండవది పరదేశులది, మూడవది, అంత విరివిగా, యుద్ధములో ఓటమి వెంట వచ్చినది. ఒక్కటియు గౌరవముతో అడుగుపెట్టలేదు.

మొదట మాంసము సంగతి. క్రీ. శ. 675లో తెమ్ము చక్రవర్తి ఒక శాసనము చేసెను. ఎద్దు, గుఱ్ఱము, కుక్క, కోతి, కోడి అను అయిదింటి మాంసమును నాలుగవ నెల మొదలు తొమ్మిదవ నెల వరకు తినరాదని దాని సారాంశము. ఆ పట్టికలో పంది లేదు. అయినను బౌద్ధధర్మప్రభావముచేతను, తరువాతి శాసనములచేతను నాలుగుకాళ్ల జంతువును తినుట మైల యను భావము వేయి యేండ్లకు పైగా నాటుకొనిపోయెను. నాటుకొన్నను నాలుక ఊరకుండునా? ఎదో నగరమున, అనగా నేటి టోక్యోలో, అడవిపంది మాంసమును "కొండతిమింగలము" అను మారుపేరుతో అమ్ముచుండిరి. తిమింగలమును చేపగా లెక్కించుటచే దానికి దోషము లేదు గదా! 1858లో హిరోషిగే అను ప్రఖ్యాత చిత్రకారుడు మంచు కప్పిన ఒక వంతెనవీథిని చిత్రించుచు, ఆ పేరు వ్రాసిన అంగడిపలకను ఒకప్రక్క పెద్దదిగా చూపెను. కడపటి షోగను తోకుగావా యోషినోబు పందిమాంసప్రియు డగుటచే ప్రజలు ఆయనకు ఎగతాళిపేరు పెట్టిరి. 1872లో మెయిజీ చక్రవర్తి గోమాంసము భుజించినట్లు లోకమునకు తెలిసిన పిదపగాని ఆ కట్టుబాటు బాగుగా సడలలేదు.

ఇక తీగలు. 1859లో యోకహామా రేవు విదేశవర్తకమునకు తెరవబడెను. పాశ్చాత్యవర్తకుల వెంట, వారికి దుబాసీలుగను, వంటవారుగను చీనావారు వచ్చి స్థిరపడిరి. వారి తీగలు జపానువారి సోబా, ఊదోన్ వంటివి కావు. పిండిని క్షారజలముతో కలుపుటలో ఉన్నది కిటుకు. మన యిండ్లలో అప్పడముల పిండిలో క్షారము వేయుట వంటిదే ఇదియు. దానివలన పిండికి పసుపుచాయయు, సాగెడు గుణమును వచ్చును. వేడిచారులో తీగ వెంటనే చివికిపోదు. వీనిని జపానీయులు మొదట "నాన్‌కిన్ సోబా" యనియు, తరువాత "షీనా సోబా" యనియు పిలిచిరి. రెండు పేర్లును చీనావారి తీగలనియే తెలుపును.

1899లో నాగసాకి పట్టణమున, ఫూకియెన్ సీమనుండి వచ్చిన చెన్ పింగ్‌షున్ అను నాతడు ఒక భోజనశాలను స్థాపించెను. పేదలగు చీనా విద్యార్థులకు చవుకగా కడుపునిండవలెనని ఆతడు పందిమాంసము, కూరలు, చేపలు తీగలతో కలిపి వండిపెట్టిన చంపోన్ నేటికిని ఆ యూరి పేరు నిలుపుచున్నది. 1910లో ఒజాకి కన్‌ఇచి అను నాతడు టోక్యోలోని అసాకుసా పేటలో రైరైకెన్ అను శాల తెరచెను. ఆతడు అంతకుముందు యోకహామా సుంకపుకార్యాలయమున ఉద్యోగి. యోకహామా చీనాపేటనుండి 12 మంది కాంటను వంటవారిని పిలిపించుకొనెను. అసాకుసా నాటకశాలలకు, వినోదములకు నిలయము. అచ్చటికి వచ్చు సామాన్యజనము ఆ శాలను నింపివేసెను. కాంటనువారు పందిమాంసమును వ్రేలాడదీసి కాల్చుదురు. జపానులో అది సోయారసమున ఉడికించునదిగా మారెను. చాషూ అను పేరు మాత్రము నిలిచెను. రాత్రివేళ తోపుడుబండ్లవారు మన సన్నాయివంటి చిన్న వాద్యము నూదుచు వీథులవెంట తిరిగి ఈ గిన్నెలు అమ్మసాగిరి.

అయితే వంటకమును మెచ్చినవారు వండినవానిని మెచ్చవలెనని నియమము లేదు. 1923 సెప్టెంబరు 1న మహాభూకంపము టోక్యో, యోకహామా నగరములను నేలగూల్చినప్పుడు, వదంతులు నమ్మిన గుంపులు అనేకులగు కొరియనులను, వారితోపాటు చీనావారిని చంపివేసినవి. 1937లో జపాను చీనాపై యుద్ధమునకు దిగెను. ఆ సంవత్సరమే క్యూషూలోని కురుమె పట్టణమున మియామోతో తోకియో అను నాతడు "నాన్‌కిన్ సెన్‌ర్యో" అను బండి పెట్టి చీనాతీగలు అమ్ముట ప్రారంభించెను. నాగసాకి ప్రాంతమువాడగు ఆతడు, చంపోన్‌కు వాడు పందియెముకల చారును యోకహామా తీగలతో జతచేసెను. తోన్‌కొత్సు, అనగా పందియెముకల రామెన్, ఇట్లు మొదలయ్యెను. కాని నాటి చారు తేటగా ఉండెడిది.

యుద్ధము ముదిరినకొలది బియ్యము, పిండి, నూనె అన్నియు సర్కారు అదుపులోనికి పోయినవి, బండ్లు మాయమైనవి. 1945లో యుద్ధము ముగిసినది గాని ఆకలి ముగియలేదు. ఆ యేటి పంట దారుణముగా దెబ్బతినెను. అంతవరకు బియ్యము పంపుచుండిన కొరియా, తైవానులు చేజారినవి. పరదేశములనుండి లక్షలకొలది సైనికులును, కుటుంబములును తిరిగివచ్చిరి. రేషను చాలదు, చాలని యా రేషనైనను సమయమునకు రాదు. రైలుస్టేషనుల చెంత, బాంబులకు కాలిన నేలలమీద, "యామిఇచి" యను నల్లబజారులు వెలసినవి. ఆక్రమణసేనలనడిపిన అమెరికనులు గోధుమను దిగుమతి చేయించిరి. రొట్టెకై వచ్చిన ఆ పిండిలో కొంత చేతులు మారి నల్లబజారు చేరెను. చీనానుండి, మంచూరియానుండి తిరిగివచ్చినవారికి తీగలు చేయుట తెలియును. చీనావారు, కొరియనులు, తైవానువారు వారికి తోడైరి. ఒక బండి, ఒక కాగు, కొన్ని యెముకలు ఉన్నచో బ్రతుకుతెరు వేర్పడెను. కొవ్వుతో నిండిన వేడిచారు, ఆకలిగొన్నవానికి అమృతమే.

కాని అదంతయు నేరము. ఆహారనియంత్రణచట్టము ప్రకారము అమ్మినవాడును, కొన్నవాడును దోషులే. 1947 జూలైలో పూటకూటిశాలలను చాలవరకు మూయించు ఉత్తర్వు కూడ వచ్చెను. అప్పుడు టోక్యో జిల్లా న్యాయస్థానమున యామగూచి యోషితాదా అను యువ న్యాయాధిపతి నల్లబజారు నేరములను విచారించుచుండెను. తిండికొరకు చట్టము దాటినవారికి శిక్ష విధించు చేతితో తాను నల్లబజారు తిండి తినుట తగదని ఆయన నిశ్చయించుకొనెను. రేషనులో వచ్చినదే తిని, అందులోను అధికభాగము తన బిడ్డలకు పెట్టెను. 1947 అక్టోబరు 11న, 33 ఏండ్ల వయస్సున, ఆయన మరణించెను. ఈ వార్త పత్రికలలో వెలువడినప్పుడు దేశమంతయు నిర్విణ్ణమయ్యెను. రేషనుమీదనే ఆధారపడి బ్రతుకుట సాధ్యము కాదని ఆ మరణము చాటిచెప్పినది.

ఆయన నిష్ఠకు మేము నమస్కరింతుము. అంతమాత్రమున బండివానిని నిందింపజాలము. ఆ న్యాయమూర్తి యెదుట నిలిచిన ముద్దాయిలలో పెక్కురు తమ పిల్లల ఆకలి చూడలేక చట్టము దాటినవారే యై యుందురు. న్యాయమును, అన్నమును ఒకేచోట దొరకనిచ్చెడి భారము ప్రభుత్వములది. అవి ఆ భారము మోయలేనప్పుడు చట్టమును పాటించినవాడు చచ్చుటయు, పాటింపనివాడు నేరస్థు డగుటయు జరుగును. రామెన్ చరిత్రలో మాకు మరువరానిదిగా తోచిన ఘట్ట మిది.

చిత్రమేమనగా, అదే 1947లో కురుమె పట్టణమున ఈ వంటకము తన నేటి రూపమును పొందెను. సుగినో కాత్సుమి అను నాతడు "సాన్‌క్యూ" అను బండి నడపుచుండెను. ఒకనాడు ఆతడు బయటికి పోవుచు పొయ్యిని తల్లి కప్పగించెననియు, మంట హెచ్చి యెముకల చారు తెర్లి తెర్లి తెల్లబడిపోయెననియు, పారబోయుటకు మనసొప్పక రుచిచూడగా అది మునుపటికంటె బాగుండెననియు చెప్పుదురు. ఇందలి రహస్యము సులభమైనది. సన్నని సెగమీద యెముకల చారు తేటగా దిగును. పెద్దమంటమీద గంటలకొలది తెర్లినచో, యెముకలలోని జిగురు కరగి, క్రొవ్వును అణువణువుగా నీటిలో కలిపివేయును; అప్పుడు చారు పాలవర్ణము దాల్చును. ఈ పద్ధతి క్యూషూ అంతట ప్రాకెను. ఫుకువోకాలోని నాగహామా చేపలబజారు పనివారికి తీరిక తక్కువ. వారికొరకు వెంటనే ఉడుకు సన్నని తీగలు వచ్చినవి. సన్ననితీగలు చారులో త్వరగా నానిపోవును గనుక కొంచెము కొంచెముగా వడ్డించి, చారు మిగిలినచో మరల తీగలు మాత్రము వేయించుకొను ఆచారము పుట్టెను. దానిని "కాయెదమా" యందురు.

పేరు మారినది కూడ ఆ దినములలోనే. "షీనా" యను మాట చీనావారికి అవమానకరము గనుక వాడరాదని 1946లో జపాను విదేశాంగశాఖ సూచించెను; అంతట "చూకా సోబా" యను పేరు ప్రచారమునకు వచ్చెను. ఒసాకాలో, ఒక చలిరాత్రి, నల్లబజారు బండిముందు గిన్నెకొరకు బారులుతీరి నిలిచిన జనమును చూచినవారిలో అందో మోమోఫుకు ఒకడు. ఆతడు 1910లో తైవానులో జన్మించినవాడు. ఆ దృశ్యమును మరువక, 1958లో తన యింటి పెరటి పాకలో తీగలను నూనెలో వేచి ఎండించు ఉపాయము కనుగొని, వేడినీరు పోసినంతనే సిద్ధమగు "చికెన్ రామెన్" పొట్లమును 35 యెన్‌లకు అమ్మెను. రామెన్ అను పేరు ఇంటింటికి ప్రాకినది దానివలననే. అమెరికా మిగులుగోధుమ జపానునకు ప్రవహించుచుండిన రోజు లవి. 1956 నుండి వంటబస్సులు పల్లెలకు పోయి గోధుమవంటలు నేర్పినవి. 1983లో మన దేశపు అంగళ్లకు వచ్చి, మన పిల్లలకు ప్రీతిపాత్రములైన పొట్లపు నూడుల్సు ఈ వంశమునకు చెందినవే.

1994లో యోకహామాలో రామెన్ వంటకమునకు ఒక ప్రదర్శనశాల తెరవబడెను. నేలమాళిగలో 1958 నాటి వీథిని, దాని సాయంకాలపు మసకవెలుగుతో సహా, నిర్మించి చూపిరి. జనులు టిక్కెట్టు కొని, ఆ వీథిలో నడచి, గిన్నె తిని, సంతోషముగా ఇండ్లకు పోవుదురు. అందు తప్పులేదు. ఆకలి గతించి, దాని జ్ఞాపకము వినోదముగా మారుట ఏ జాతికైనను శుభమే.

అయినను, ఇది మాది, అది పరులది యని తిండిని గూర్చి తగవులాడువారు ఏ దేశముననైనను ఉందురు. అట్టివారు ఫుకువోకా సందులోని ఆ పీటమీద ఒక్కసారి కూర్చుండవలెను. గిన్నెలో కాంటను వంటవాని క్షారజలమున్నది. అమెరికా పొలముల గోధుమ యున్నది. మైల యనిపించుకొన్న మాంసమున్నది. పొయ్యివద్ద కాపుండిన ఒక తల్లి పొరపాటున్నది. వీని నన్నింటిని కలిపి ఒక్క రుచిగా చేసినది ఆకలి. ఆ గిన్నె తినక చనిపోయిన న్యాయమూర్తిని, దానిని దొంగచాటుగా అమ్మి బిడ్డలను పెంచుకొన్న బండివానిని ఒకేసారి తలచుకొన్నపుడే దాని చరిత్ర పూర్తిగా తెలిసినట్లగును.