కెమెరా ముందు చేతులు

దక్షిణ కొరియా, 2016 జూన్. గేమింగ్ వార్తల సంస్థ ఇన్వెన్ ఏర్పాటు చేసిన లైవ్ ప్రసారం. మొహానికి మాస్క్ పెట్టుకుని ఓ పదిహేడేళ్ల అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుంది. కెమెరా ఆమె చేతుల మీదే ఉంది. ఏ వేలు కదిలినా, మౌస్ ఎటు జరిగినా చూసేవాళ్లకు తెలియాలి. దొంగాట ఆడుతోందన్న నింద అలా తప్ప పోయేలా లేదు.

ఆమె కిమ్ సే-యోన్. ఆటలో పేరు గెగురి. ‘ఓవర్‌వాచ్’ అనే ఆ ఆట విడుదలై అప్పటికి నెల తిరిగిందో లేదో. ఓ టోర్నమెంటు అర్హత పోటీల్లో ఆమె గురి చూసి ఎదుటి జట్టువాళ్లకు మతిపోయింది. ఇది మనిషి ఆట కాదు, ఏదో ప్రోగ్రామ్ వాడుతోందన్నారు. కాదని తేలితే ఆట వదిలేస్తామని ఇద్దరు సవాలు చేశారు. ఆట తయారుచేసిన బ్లిజార్డ్ కంపెనీ పరిశీలించి మోసమేమీ లేదంది. సవాలు చేసినవాళ్లు తప్పుకున్నారు. అయినా అనుమానం చావలేదు.

ఆమెకు పట్టున్న పాత్ర జార్యా. గులాబీ రంగు జుట్టు, చేతిలో బరువైన తుపాకీ. అందులోంచి కిరణం వస్తుంది. పరుగెత్తే శత్రువు మీద నుంచి అది కాస్త పక్కకు జరిగినా దండగే. జార్యా వేసే కవచం ఎన్ని దెబ్బలు కాచుకుంటే తుపాకీకి అంత బలం. అంటే దెబ్బలు పడే చోటికే ఎదురెళ్లాలి. ఆ రోజు అందరూ చూస్తుండగా గెగురి ఆడింది ఈ ఆటే. నింద అక్కడితో తేలిపోయింది.

అమ్మాయిలు పోటీ గేముల్లోకి ఎందుకొస్తారంటే పేరు కోసమనో, మగవాళ్లకు బుద్ధి చెప్పాలనో మనమే జవాబులు అల్లేస్తాం. గెగురి తర్వాత ఏం చేసిందో చూడండి. 2018 ఫిబ్రవరిలో షాంఘై డ్రాగన్స్‌లో చేరి ఓవర్‌వాచ్ లీగ్‌లో తొలి మహిళ అయింది. అప్పటికి ఆ జట్టు ఒక్క మ్యాచ్ గెలవలేదు. పేరే కావాలనుకునేవాళ్లు అలాంటి చోటికి ఎందుకెళ్తారు? ఏప్రిల్‌లో బరిలోకి దిగింది. ‘తొలి మహిళ’ అన్న మాటను నెత్తిన పెట్టుకోలేదు, ఆటగత్తెగా చూస్తే చాలనుకుంది. ఆ సీజన్ 40 మ్యాచ్‌లూ జట్టు ఓడిపోయింది. అంత ఓటమిలోనూ మళ్లీ ఆడాలనిపించిందంటే, ఆట మీద ప్రేమే దానికి కారణమని నా గట్టి నమ్మకం.

మరుసటి సీజన్‌లోనూ ఆమె డ్రాగన్స్‌తోనే ఉంది. వరుసగా 42 ఓటముల తర్వాత, 2019 ఫిబ్రవరిలో బోస్టన్ అప్‌రైజింగ్ మీద జట్టు తొలిసారి గెలిచింది.