పటం గీస్తాం, మ్యాప్ పెడతాం

సంస్కృతంలో పటం అంటే గుడ్డ. పటకుటీరం అంటే గుడ్డతో వేసిన గుడారం. గుడ్డ మీద బొమ్మ వేస్తే చిత్రపటం. తెలుగులోకి వచ్చాక గుడ్డ జారిపోయి బొమ్మ మిగిలింది. దేవుడి పటానికి అద్దమూ చట్రమూ చాలు, గాలిపటానికి కాగితం చాలు. బడిలో అదే మాట దేశపటమైంది. మ్యాప్‌కు మూలమైన లాటిన్ మప్పా కూడా గుడ్డే.

తెలంగాణ పల్లెల్లో భూమి కొలతల దగ్గర పటం అనరు, నక్షా అంటారు. అరబ్బీలో నక్ష్ అంటే చెక్కడం, బొమ్మ దిద్దడం. చేర్యాలలో గుడ్డ మీద కులపురాణాలు చిత్రించే నకాషీల పేరు కూడా ఆ ధాతువుదే. వాళ్లు ఖాదీ గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద కలిపి పూసి, ఆరాక బొమ్మలు వేస్తారు. కథకుడు ఆ చుట్టను విప్పుతూ, బొమ్మ వెంట బొమ్మ చూపిస్తూ కథ చెబుతాడు. పొలం గట్టు తేల్చే కాగితానికీ పురాణం చెప్పే గుడ్డకూ ఒకే ధాతువు అందింది. నాకు ఈ చుట్టరికం ఎంతో ఇష్టం.

అయితే మాట సంగతి తెలియాలంటే దాని పక్కన ఏ క్రియ నిలబడుతుందో చూడాలి. పటం గీస్తాం, పరుస్తాం, విప్పుతాం, చదువుతాం. మ్యాప్ మాత్రం పెడతాం. "మ్యాప్ పెట్టు, లొకేషన్ పంపించాను" అంటాం. పెట్టాక అది ఎటు తిరగమంటే అటు తిరుగుతాం. ప్రాథమిక బడిలోకి డిజిటల్ పటాలు రావాలని నేనూ కోరుకుంటాను. కానీ అవి ఏ క్రియతో వస్తున్నాయన్నదే నా పట్టింపు. మన సాంఘికశాస్త్ర పుస్తకాలు పట నైపుణ్యాలను ఒక విద్యాప్రమాణంగా పెట్టుకున్నాయి. ఆ నైపుణ్యం పెట్టడంలో రాదు.

ఇస్రో తెచ్చిన భువన్ 2009 నుంచి ఉంది, హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం దాన్ని నడుపుతోంది. అందులో బడిపిల్లల కోసం స్కూల్ భువన్ అనే విభాగమూ ఉంది. ఐదో తరగతి గదిలో తెర మీద ఊరి ఉపగ్రహ చిత్రం తెరిస్తే పిల్లలు ముందు వెతికేది బడినే. అది వెంటనే దొరకదు. వాళ్లు ఎరిగిన బడికి గోడలూ గేటూ ఉన్నాయి, తెర మీద కప్పు ఒక్కటే ఉంది. రోజూ ఎక్కే చింతచెట్టు అక్కడ ఆకుపచ్చ మచ్చ, పెంకుటిల్లు రెండు ఎర్రటి వాలులు. కింది నుంచి ఎరిగినదాన్ని పైనుంచి ఊహించుకోవడమే పటం చదవడంలో మొదటి మెట్టు, అన్నిటికన్నా కష్టమైన మెట్టు కూడా అదే. చెరువు దగ్గర తగువు మొదలవుతుంది. "ఇది మన చెరువు కాదు సార్, మనదాంట్లో నీళ్లున్నాయి" అంటారు. ఉపగ్రహం చూసింది ఎండాకాలంలోనని చెబితే, పటానికి తేదీ ఉంటుందన్న ఎరుక అక్కడే కలుగుతుంది. ఈ పాఠం గోడపటం చెప్పలేదు.

గోడపటంతో మరో చిక్కు, ఉత్తరం పైన ఉంటుందని చెప్పగానే చాలామంది పిల్లలు ఇంటికప్పు వైపు చూపిస్తారు. పటాన్ని కిందికి దించి, పొద్దు పొడిచే దిక్కు చూసుకుని నేల మీద పరిస్తే ఆ భ్రమ పోతుంది. గుడ్డను పరిచినట్టే పరచాలి. ట్యాబునూ అలాగే నేల మీద పెట్టవచ్చు. ఫోన్‌లో దారి చూపే పటమైతే మనం తిరిగినప్పుడల్లా తనే తిరుగుతుంది కాబట్టి, అందులో దిక్కులు నేర్పడం వృథా.

కాబట్టి ముందు కాగితం మీద చిత్తుపటం గీయాలి. ఇంటి నుంచి బడికి అడుగులతో కొలిచి, తర్వాత తెర మీద గీత లాగి మీటర్లు చూడాలి. ఆ పైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2004లో మొదలైన ఈ పటాన్ని ఎవరైనా దిద్దవచ్చు, ఊళ్లకూ చెరువులకూ తెలుగు పేరు రాయడానికి వేరే గడి కూడా ఉంది. పిల్లలు ఇళ్లలో అడిగి తెచ్చిన పేర్లను సరిచూసి, ఉపాధ్యాయుడు తన ఖాతాతో చేర్చవచ్చు. ఒకే కుంటకు ఈ వాడలో ఒక పేరు, ఆ వాడలో మరో పేరు ఉండొచ్చు. రెండో పేరుకూ అందులో చోటుంది, రెండూ రాయాలి.