'యూజ్డ్ టు వర్క్', 'యూజ్డ్ టు వర్కింగ్': ఇంగ్లిష్ విశేషణం వెంట ఏది రావాలి?

రాత్రి షిఫ్టు ఉద్యోగానికి ఇంటర్వ్యూ జరుగుతోందనుకుందాం. రాత్రిళ్లు పనిచేయడం ఇబ్బంది కాదా అని అడిగితే, అభ్యర్థి 'ఐ యామ్ యూజ్డ్ టు వర్కింగ్ ఎట్ నైట్' అనబోయి 'ఐ యూజ్డ్ టు వర్క్ ఎట్ నైట్' అన్నాడు. మొదటి వాక్యానికి అర్థం 'రాత్రిళ్లు పనిచేయడం నాకు అలవాటే'. రెండోదానికి అర్థం 'ఒకప్పుడు రాత్రిళ్లు పనిచేసేవాణ్ని'. ఇప్పుడు ఆ పని మానేశాడన్న సూచన కూడా అందులో ఉంది. ఒక 'యామ్', ఒక 'ఇంగ్' జారిపోవడంతో చెప్పదలచుకున్నది దాదాపు తలకిందులైంది.

ఉద్యోగ దరఖాస్తుల్లో, ఆఫీసు మెయిళ్లలో, పోటీ పరీక్షల్లో తప్పును గుర్తించమనే ప్రశ్నల్లో తరచూ ఎదురయ్యే చిక్కు ఇదే. విశేషణం, ప్రిపొజిషన్, 'ఇంగ్'తో ముగిసే క్రియారూపం అనే మూడూ వరసగా వచ్చే నిర్మాణం ఇది. ఆ 'ఇంగ్' రూపాన్ని వ్యాకరణంలో జెరండ్ అంటారు.

నిర్ణయాలు రెండు

ఈ నిర్మాణంలో రెండు వేర్వేరు నిర్ణయాలున్నాయి. ఏ ప్రిపొజిషన్ రావాలన్నది విశేషణం నిర్ణయిస్తుంది. 'గుడ్' అనే మాట నైపుణ్యం అనే అర్థంలో 'ఎట్'ను కోరుతుంది, 'ఇంట్రెస్టెడ్' 'ఇన్'ను కోరుతుంది, 'అఫ్రెయిడ్' 'ఆఫ్'ను కోరుతుంది. దీనికి పూర్తి తర్కం వెతకడం వృథా.

ఆ తర్వాత క్రియ ఏ రూపంలో రావాలన్నది ప్రిపొజిషన్ నిర్ణయిస్తుంది. ఇక్కడ మాత్రం నియమం స్పష్టం. ప్రిపొజిషన్ తర్వాత క్రియ వస్తే అది 'ఇంగ్' రూపంలోనే ఉండాలి. 'గుడ్ ఎట్ టీచింగ్', 'ఇంట్రెస్టెడ్ ఇన్ లెర్నింగ్', 'అఫ్రెయిడ్ ఆఫ్ ఫాలింగ్'. మొదటి నిర్ణయంలో ప్రాంతాన్ని, కాలాన్ని బట్టి తేడాలుంటాయి. 'డిఫరెంట్' తర్వాత 'ఫ్రమ్' అంతటా చెల్లుతుంది, 'టు' బ్రిటన్‌లో, 'దాన్' అమెరికాలో వినిపిస్తాయి. రెండో నిర్ణయంలో అలాంటి వెసులుబాటు లేదు.

తెలుగులోనూ ఉన్నదే

ఈ నిర్మాణం మనకు పరాయిది కాదు. 'పాడటంలో దిట్ట', 'పాడటానికి సిద్ధం', 'పాడటం అంటే ఇష్టం' అంటాం. 'పాడు' అనే క్రియను 'పాడటం' అనే నామంగా మార్చి, దానికి విభక్తి చేరుస్తున్నాం. ఇంగ్లిష్ కూడా క్రియను 'సింగింగ్' అని నామంగా మార్చుతుంది. కాకపోతే మనకు విభక్తి వెనక వస్తుంది, వాళ్లకు ప్రిపొజిషన్ ముందు వస్తుంది.

చిక్కు రెండు చోట్ల పుడుతుంది. ఒకటి, మన విభక్తికీ వాళ్ల ప్రిపొజిషన్‌కూ లంకె కుదరకపోవడం. 'నా మీద కోపం' అన్నది మనసులో ఉండి 'యాంగ్రీ ఆన్ మి' అనేస్తాం. రావలసింది 'యాంగ్రీ విత్ మి'. ఇది తెలుగువారికే పరిమితం కాదు. హిందీలో 'ముఝ్ పర్ గుస్సా' అన్నా, తమిళంలో 'ఎన్ మేల్ కోబం' అన్నా ఆ 'మీద' ఉంది కాబట్టి దేశమంతటా ఈ వాడుక వినిపిస్తుంది. అలాగే 'ఫలానా అతనితో పెళ్లయింది' అనే అలవాటు 'మ్యారీడ్ విత్' అనిపిస్తుంది. ఇంగ్లిష్‌లో అది 'మ్యారీడ్ టు'. 'నాకంటే సీనియర్' అన్నది 'సీనియర్ దాన్ మి' అవుతుంది. కావలసింది 'సీనియర్ టు మి'. 'దాని గురించి తెలుసు' అన్నది 'అవేర్ అబౌట్' అవుతుంది. ప్రామాణికంగా 'అవేర్ ఆఫ్' అనాలి.

రెండోది, మన 'చేయడానికి' అనే ఒక్క మాటే ఇంగ్లిష్‌లోని రెండు వేర్వేరు నిర్మాణాలకు సరిపోవడం. 'వెళ్లడానికి సిద్ధం' అంటే 'రెడీ టు గో'. 'వెళ్లడానికి వ్యతిరేకం' అంటే 'ఒపోజ్డ్ టు గోయింగ్'. తెలుగులో తేడా లేదు, ఇంగ్లిష్‌లో ఉంది.

రెండు 'టు'లు

ఇంగ్లిష్‌లో 'టు' రెండు పనులు చేస్తుంది. 'రెడీ టు గో'లో అది క్రియకు ముందుండే గుర్తు. దాని తర్వాత క్రియ మూలరూపం వస్తుంది. 'ఒపోజ్డ్ టు గోయింగ్'లో అది ప్రిపొజిషన్. ఏది ఏదో తేల్చుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. 'టు' తర్వాత 'ఇట్' పెట్టి చూడాలి. 'ఐ యామ్ యూజ్డ్ టు ఇట్', 'వుయ్ ఆర్ ఒపోజ్డ్ టు ఇట్' అనవచ్చు. అంటే అది ప్రిపొజిషన్, కాబట్టి క్రియకు 'ఇంగ్' చేర్చాలి. 'ఏబుల్ టు ఇట్' అనలేం. అంటే అక్కడ మూలరూపమే రావాలి.

ఈ పరీక్షలో ప్రిపొజిషన్‌గా తేలే ముఖ్యమైన మాటలు: యూజ్డ్, అకస్టమ్డ్, కమిటెడ్, డెడికేటెడ్, డివోటెడ్, ఒపోజ్డ్. ప్రకటనల్లో కనిపించే 'కమిటెడ్ టు ప్రొవైడ్' కంటే 'కమిటెడ్ టు ప్రొవైడింగ్' ప్రామాణికం. విశేషణం కాకపోయినా 'లుక్ ఫార్వర్డ్ టు' కూడా ఇదే దారి. మెయిల్ చివర 'లుకింగ్ ఫార్వర్డ్ టు మీటింగ్ యూ' అని రాయాలి, 'మీట్ యూ' అని కాదు.

ఒకే విశేషణం, రెండు అర్థాలు

కొన్ని విశేషణాలు రెండు నిర్మాణాల్లోనూ ఇముడుతాయి. అప్పుడు అర్థం మారుతుంది.

ఎన్నికల వార్తనే తీసుకుందాం. 'ది క్యాండిడేట్ ఈజ్ షూర్ ఆఫ్ విన్నింగ్' అంటే గెలుస్తానన్న నమ్మకం అభ్యర్థిది. 'ది క్యాండిడేట్ ఈజ్ షూర్ టు విన్' అంటే ఆ నమ్మకం వాక్యం రాసినవాడిది. అభ్యర్థి బెంగగా ఉండి ఉండవచ్చు. ఒకటి అభ్యర్థి ధీమాను చెప్పే వార్త, మరొకటి విలేకరి జోస్యం.

'అఫ్రెయిడ్ ఆఫ్ ఫాలింగ్' అంటే పడిపోతానేమోనన్న భయం. 'అఫ్రెయిడ్ టు క్లైంబ్' అంటే భయం వల్ల ఎక్కడానికి వెనకాడటం. 'యాంక్షస్ అబౌట్ గోయింగ్' అంటే వెళ్లాలంటే బెంగ. 'యాంక్షస్ టు గో' అంటే వెళ్లాలన్న ఆత్రం. 'సారీ ఫర్ షౌటింగ్' జరిగిపోయిన అరుపునకు క్షమాపణ. 'సారీ టు డిస్టర్బ్ యూ' ఇప్పుడు కలిగిస్తున్న అంతరాయానికి. 'టయర్డ్ ఫ్రమ్ వాకింగ్' కాళ్ల అలసట; 'టయర్డ్ ఆఫ్ వెయిటింగ్' మనసు విసుగు.

అర్థం ఒకటే అయినా నిర్మాణం వేరైన జంటలూ ఉన్నాయి. 'ఏబుల్ టు డూ', 'కేపబుల్ ఆఫ్ డూయింగ్' రెండూ 'చేయగలగడం' గురించే. 'కేపబుల్ టు డూ' మాత్రం తప్పు.

రాజ్యాంగంలో, కోర్టు వార్తల్లో

ప్రిపొజిషన్ బరువు ఎంతో రాజ్యాంగం 75(3) అధికరణంలో చూడవచ్చు. కేంద్ర మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా 'రెస్పాన్సిబుల్ టు' అంటుంది ఆ అధికరణం. రాష్ట్ర మంత్రిమండలి విషయంలో శాసనసభకు అదే మాట 164(2)లో ఉంది. 'రెస్పాన్సిబుల్ టు' అంటే ఎవరికి జవాబు చెప్పాలో వారు. 'రెస్పాన్సిబుల్ ఫర్' అంటే ఏ పని భారం తనదో అది. తెలుగులో 'మంత్రి లోక్‌సభకు బాధ్యుడు', 'మంత్రి తన శాఖకు బాధ్యుడు' అని రెండుచోట్లా 'కు' సరిపోతుంది. ఇంగ్లిష్‌లో 'టు', 'ఫర్' తారుమారైతే ఎవరు ఎవరికి జవాబుదారీ అన్నదే మారిపోతుంది. బయోడేటాలో 'రెస్పాన్సిబుల్ టు మెయింటైన్ రికార్డ్స్' అని రాసేవారు గుర్తుంచుకోవలసింది ఇదే. కావలసింది 'రెస్పాన్సిబుల్ ఫర్ మెయింటైనింగ్'.

కోర్టు వార్తల్లో 'గిల్టీ ఆఫ్ టేకింగ్ బ్రైబ్స్' అంటే లంచం తీసుకున్నట్టు నేరం రుజువైంది. 'గిల్టీ అబౌట్ టేకింగ్ బ్రైబ్స్' అంటే తీసుకున్నందుకు అపరాధ భావంతో ఉన్నాడు. నేరచట్టాల్లో కనిపించే 'లయబుల్ టు ఫైన్' మరో ఉదాహరణ. అక్కడ 'ఫైన్' నామం, 'టు' ప్రిపొజిషన్. జరిమానాకు గురయ్యే అవకాశం ఉందని అర్థం. 'లయబుల్ ఫర్ డ్యామేజెస్' అంటే నష్టపరిహారం చెల్లించాల్సిన బాధ్యత.

'కాదు', 'అయ్యాక', 'అని'

తెలుగులో 'తెలియకపోవడం' ఒకే మాట. ఇంగ్లిష్‌లో 'నాట్'ను జెరండ్ ముందు ఉంచాలి: 'అషేమ్డ్ ఆఫ్ నాట్ నోయింగ్'. ఇతరుల వల్ల జరిగేదైతే 'బీయింగ్' చేరుతుంది: 'అఫ్రెయిడ్ ఆఫ్ బీయింగ్ చీటెడ్'. ముందే జరిగిందని నొక్కి చెప్పాలంటే 'హావింగ్': 'ప్రౌడ్ ఆఫ్ హావింగ్ సర్వ్‌డ్'.

పని చేసేది వేరొకరైతే 'ప్రౌడ్ ఆఫ్ హిజ్ విన్నింగ్' అనాలా, 'హిమ్ విన్నింగ్' అనాలా? దీనిపై పాత తగాదా ఉంది. 1926లో వెలువడిన తన వాడుక నిఘంటువులో హెచ్.డబ్ల్యు. ఫౌలర్ రెండో పద్ధతిని గట్టిగా ఖండించారు. డేనిష్ వ్యాకరణవేత్త ఒట్టో యెస్పర్సన్ అది ఇంగ్లిష్‌లో సహజంగా పెరిగిన వాడుకేనని వాదించారు. ఇప్పుడు రెండూ చెల్లుతాయి; లాంఛనమైన రాతలో 'హిజ్' వైపు మొగ్గు.

'అని'తో చెప్పే పూర్తి వాక్యం వస్తే ప్రిపొజిషన్ తప్పుకుంటుంది. 'అవేర్ ఆఫ్ హిజ్ లీవింగ్' సరే, 'అవేర్ దట్ హి లెఫ్ట్' సరే. 'అవేర్ ఆఫ్ దట్ హి లెఫ్ట్' మాత్రం కుదరదు. ఇక ప్రిపొజిషన్ లేకుండానే 'ఇంగ్'ను కోరేవి రెండు గుర్తుంచుకోవాలి: 'వర్త్ రీడింగ్', 'బిజీ ప్రిపేరింగ్'. మన దగ్గర వినిపించే 'బిజీ ఇన్ ప్రిపేరింగ్'లో ఆ 'ఇన్' అనవసరం.

గుర్తుంచుకునే దారి

పూర్తి తర్కం లేకపోయినా కొన్ని కుటుంబాలు కనిపిస్తాయి.

- ఎట్: నైపుణ్యం, దాని లేమి. గుడ్, బ్యాడ్, బ్రిలియంట్.
- ఆఫ్: భయం, గర్వం, సిగ్గు, ఎరుక, సామర్థ్యం. అఫ్రెయిడ్, ప్రౌడ్, అషేమ్డ్, అవేర్, కేపబుల్, ఫాండ్.
- ఇన్: ఆసక్తి, పాలుపంచుకోవడం. ఇంట్రెస్టెడ్, ఇన్వాల్వ్‌డ్, సక్సెస్‌ఫుల్.
- ఫర్: బాధ్యత, ఖ్యాతి, కృతజ్ఞత. రెస్పాన్సిబుల్, ఫేమస్, గ్రేట్‌ఫుల్.
- అబౌట్: బెంగ, ఉత్సాహం, పట్టుదల. వరీడ్, ఎగ్జైటెడ్, సీరియస్.
- ఆన్: మక్కువ, పట్టు. కీన్, ఇంటెంట్.
- టు: అలవాటు, అంకితం, వ్యతిరేకత. యూజ్డ్, డెడికేటెడ్, ఒపోజ్డ్.

విశేషణాన్ని ఒంటరిగా కాక, దాని ప్రిపొజిషన్‌తో, ఒక 'ఇంగ్' మాటతో కలిపి నేర్చుకోవడం మేలు. 'కేపబుల్ అంటే సమర్థుడు' అని కాక 'కేపబుల్ ఆఫ్ డూయింగ్' అని మొత్తంగా. జపాన్‌లో ఇంగ్లిష్ బోధించిన ఎ.ఎస్. హార్న్‌బీ తన సహచరులతో కలిసి 1942లో అక్కడే తెచ్చిన అభ్యాసకుల నిఘంటువు అర్థంతో పాటు మాట ఇమిడే నిర్మాణాన్నీ చూపింది. తర్వాత ఆక్స్‌ఫర్డ్ అభ్యాసకుల నిఘంటువుగా ప్రసిద్ధి పొందినది అదే. ఇవాళ ఫోనులో దొరికే అభ్యాసకుల నిఘంటువుల్లోనూ విశేషణం పక్కనే ప్రిపొజిషన్, దాని వెంట 'డూయింగ్' అనో 'టు డూ' అనో ఉంటుంది. అనుమానం వచ్చినప్పుడు అర్థంతో ఆగకుండా ఆ పంక్తి దాకా చదివితే సగం తప్పులు రాయకముందే తొలగిపోతాయి.