కుప్పలో మాగిన తేయాకు

లివర్‌లో పేరుకున్న కొవ్వును కరిగిస్తుందంటూ ఇప్పుడు పుఅర్ టీని అమ్ముతున్నారు. వందల ఏళ్ల నాటి చైనా వైద్యమని చెబితే బేరం ఇంకా బాగా సాగుతుంది. పుఅర్ తేయాకు చెట్లు పాతవే, వ్యాపారమూ పాతదే. పరిశోధకులు ఎలుకల మీద ఎక్కువగా పరీక్షించిన నల్లటి పులిసిన టీ వయసును మాత్రం 1973 నుంచే లెక్కపెట్టాలి.

పుఅర్ టీ పుట్టిల్లు చైనా నైరుతి మూలనున్న యునాన్. షిషువాంగ్‌బన్నా కొండల్లో దాయి, బులాంగ్, హాని తెగలవాళ్లు తరతరాలుగా పెద్దాకు తేయాకు చెట్లు పెంచుతున్నారు. మనం రోజూ తాగే అస్సాం టీ కూడా ఈ జాతిదే. కొండల్లో కోసిన ఆకు పుఅర్ అనే ఊరి సంతకు చేరేది. దాన్ని ఆవిరి పట్టి, గట్టి బిళ్లలుగా అదిమేవారు. ఇప్పటికీ బిళ్ల తూకం 357 గ్రాములు. ఏడు బిళ్లలను ఒకదానిమీద ఒకటి పేర్చి వెదురు పొరల్లో చుడితే దాదాపు రెండున్నర కిలోల కట్ట అవుతుంది. కంచర గాడిదల వీపు మీద ఆ కట్టలు నెలల తరబడి నడిచి టిబెట్ చేరేవి. దారిలో వానకు తడిసి, ఎండకు ఆరి ఆకు దానంతటదే మాగేది. మాంసం, వెన్న తప్ప కూరగాయలు పెద్దగా దొరకని ఆ చలిసీమలో టీ లేనిదే పూట గడిచేది కాదు.

1729లో చింగ్ వంశ పాలకులు పుఅర్‌ను ప్రత్యేక పరిపాలనా విభాగం చేశారు. అక్కడి టీ బీజింగ్ రాజప్రాసాదానికి కప్పంగా వెళ్లేది. 1765లో జావ్ షువేమిన్ అనే వైద్యుడు తన ఔషధ గ్రంథంలో పుఅర్ టీ జిడ్డును, మాంసపు బరువును విరిచేస్తుందని రాశాడు. కొవ్వు కరుగుతుందన్న ప్రచారానికి అదే పాత ఆధారం. అయితే ఆయన చెప్పింది భోజనం తరవాత పొట్టలో ఉండే బరువు గురించి. లివర్‌లో కొవ్వు చేరడమనే జబ్బు ఆయన ఊహలో కూడా లేదు.

ఇరవయ్యో శతాబ్దంలో హాంకాంగ్ టీ దుకాణాలవాళ్లు తేమ గోదాముల్లో ఏళ్ల తరబడి మాగిన నల్లని పుఅర్‌కు అలవాటుపడ్డారు. అంతకాలం ఆగడం ఫ్యాక్టరీల వల్ల కాదు. 1973లో కున్మింగ్ టీ ఫ్యాక్టరీకి చెందిన వూ ఛీయింగ్, మెంగ్‌హై ఫ్యాక్టరీకి చెందిన జో బింగ్‌లియాంగ్ తదితరులు గ్వాంగ్‌డాంగ్ వెళ్లి, ఆకును త్వరగా మాగబెట్టే పద్ధతి చూసి వచ్చారు. తిరిగి వచ్చాక తమ ఆకుకు తగ్గట్టు దాన్ని మార్చుకున్నారు. ఆ పద్ధతే వో దుయి.

ఎండబెట్టిన ఆకును గచ్చు మీద నడుమెత్తు కుప్పగా పోసి, నీళ్లు చిలకరించి, పట్టా కప్పుతారు. తడిసిన గడ్డివాములా కుప్ప లోలోపలే వేడెక్కి యాభై, అరవై డిగ్రీలకు చేరుతుంది. ఇంకా వేడెక్కితే ఆకు మాడిపోతుంది కాబట్టి పనివాళ్లు పారలతో కుప్పను తిరగేసి మళ్లీ కప్పుతారు. నెలన్నర, రెండు నెలల్లో ఆకుపచ్చ రంగు పోయి గోధుమ రంగు వస్తుంది. ఈ పని చేసేవి ఆస్పర్‌జిల్లస్ నైగర్ వంటి బూజులు, ఈస్టులు. పచ్చి ఆకులోని వగరు పదార్థాలను అవి విరిచి, కలిపి, థియాబ్రౌనిన్ అనే ముదురు వర్ణకంగా మారుస్తాయి. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించేది ఇదే. లివర్‌కు మేలు చేస్తుందని ఇప్పుడు చెబుతున్న పదార్థం పచ్చి ఆకులో నామమాత్రమే. దాన్ని చేసిపెట్టింది బూజు.

2019లో షాంఘై పరిశోధకులు నేచర్ కమ్యూనికేషన్స్‌లో ఒక అధ్యయనం ప్రచురించారు. కొవ్వు మేత తిన్న ఎలుకలకు థియాబ్రౌనిన్ ఇస్తే, పైత్య లవణాలను విరిచే బ్యాక్టీరియా పేగుల్లో తగ్గింది. దాంతో పేగుల నుంచి లివర్‌కు వెళ్లే సంకేతం మారి, లివర్ తనలోని కొలెస్టరాల్‌ను పైత్య ఆమ్లాలుగా మార్చి ఖర్చుపెట్టడం మొదలుపెట్టింది. ఎలుకల లివర్‌లో కొవ్వు తగ్గింది. కొద్దిమంది ఆరోగ్యవంతులు కొన్ని వారాలు పుఅర్ తాగితే వాళ్ల రక్తంలోనూ కొలెస్టరాల్ తగ్గింది. ఇది ఆశ కలిగించే ఫలితమే. కానీ వాళ్లు ఫ్యాటీ లివర్ రోగులు కారు. దీన్ని చూపి ఈ టీ జబ్బును నయం చేస్తుందని అమ్మడం రోగిని మోసం చేయడమే.

హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల మీద చేసి 2025లో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మంది లివర్‌లో కొవ్వు కనిపించింది. వాళ్లకు పనికొచ్చే మాట వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఒంటి బరువులో ఐదు శాతం తగ్గితే లివర్ కొవ్వు తగ్గుతుంది, ఏడు నుంచి పది శాతం తగ్గితే వాపు కూడా తగ్గుముఖం పడుతుంది. ఇక పుఅర్ సంగతికొస్తే, దాన్ని పాలు, చక్కెర లేకుండా తాగుతారు. మొదట పోసిన వేడినీళ్లు పారబోసి, రెండోసారి పోసిన నీళ్లలో దిగిన కషాయాన్ని తాగడం అక్కడి ఆనవాయితీ. రోజుకు నాలుగు కప్పుల చక్కెర టీ తాగేవాళ్లు దీనికి మారితే, బూజు సంగతి ఎలా ఉన్నా, అంత చక్కెర తప్పుతుంది.

టీ సారంతో చేసే క్యాప్సూళ్ల సంగతి వేరు. గ్రీన్ టీ సారంతో చేసిన మాత్రల్లో రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీ అనే పదార్థం ఒంట్లోకి వెళితే లివర్ దెబ్బతినే సూచనలు కనిపిస్తున్నాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లో హెచ్చరించింది. కాచిన టీకి ఆ హెచ్చరిక వర్తించదు. ఆకు సారాన్ని చిక్కబరిచి అమ్మే మాత్రలను మాత్రం, అది ఏ టీ ఆకైనా సరే, ఇప్పటికే లివర్ జబ్బు ఉన్నవాళ్లు డాక్టరుకు చూపించకుండా నోట్లో వేసుకోకూడదు.