హైదరాబాద్ నగరారణ్యాలు: చట్టం నీడ ఉన్నవి, లేనివి

హైదరాబాద్ మహానగర పరిధిలో మూడు జాతీయ ఉద్యానవనాలు ఉన్నాయి. ఒక నగరానికి ఇది అరుదైన సంపద. జూబ్లీహిల్స్‌లో చిరాన్ ప్యాలెస్ చుట్టూ ఉన్న అడవిని 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. దీని వైశాల్యం సుమారు 1.4 చదరపు కిలోమీటర్లు. వనస్థలిపురంలోని మహావీర్ హరిణ వనస్థలి ఒకనాడు నిజాముల వేటస్థలం. వర్ధమాన మహావీరుని 2,500వ నిర్వాణ వార్షికోత్సవ సందర్భంగా 1975లో దానికి ఆ పేరు వచ్చింది. కృష్ణజింకలకు అది ఆవాసం. మూడవది చిలుకూరు సమీపంలోని మృగవని.

ఈ అడవులు దక్కన్ పీఠభూమికి సహజమైన ముళ్లపొదలు, ఆకురాల్చే చెట్లతో కూడినవి. వేసవిలో బీడుభూముల వలె కనిపించినా, నెమళ్లకు, ముంగిసలకు, అనేక జాతుల పక్షులకు అవే ఆశ్రయం. వాననీటిని నేలలోకి ఇంకించి, పరిసరాల వేడిని తగ్గించేవి కూడా అవే.

అయితే అడవిగా కనిపించే ప్రతి భూమికీ చట్టరక్షణ లేదు. పశువుల మేతకు విడిచిన భూమిని తెలంగాణ పల్లెల్లో ‘కంచ’ అంటారు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాలు అటువంటివే. ఇది ప్రభుత్వ భూమి అని, అడవి కాదని రాష్ట్ర ప్రభుత్వం వాదించింది. 2025 మార్చి చివరలో అక్కడ యంత్రాలతో చెట్లను తొలగించగా విద్యార్థులు ఆందోళనకు దిగారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులను నిలిపివేసింది. ధ్వంసమైన సుమారు వంద ఎకరాలను పునరుద్ధరించే ప్రణాళికతో రావాలని ఏప్రిల్ 16న సూచించింది.

యాజమాన్యం ఎవరిదైనా, నిఘంటువు అర్థంలో అడవి అయిన ప్రతి ప్రాంతానికీ అటవీ సంరక్షణ చట్టం వర్తిస్తుందని గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 12న స్పష్టం చేసింది. రెవెన్యూ దస్త్రాల్లో అడవిగా నమోదు కాని పచ్చదనానికి ఆ తీర్పే ప్రధాన ఆధారం.

చట్టరక్షణ ఉన్నచోట సైతం ఒత్తిడి తప్పలేదు. బ్రహ్మానందరెడ్డి ఉద్యానవనం చుట్టూ 2020లో ఖరారైన పర్యావరణ సున్నిత మండలం వెడల్పు కొన్నిచోట్ల 3 మీటర్లు మాత్రమే, అత్యధికంగా 29.8 మీటర్లు. ప్రహరీని దాటగానే రహదారి.

మొక్కలు నాటి ఉద్యానవనాన్ని కొన్నేళ్లలో పెంచవచ్చు. శిలలు, పొదలు, నీటికుంటలు, జీవజాతులు కలిసి శతాబ్దాలుగా రూపొందిన అడవిని ఆ విధంగా తిరిగి నిర్మించడం సాధ్యం కాదు. మిగిలిన కంచలను గుర్తించి నమోదు చేయడమే నగరం ముందున్న తక్షణ కర్తవ్యం.