ఎండు తునకల నుంచి శీతల కంటైనర్ దాకా

కుతుబ్ షాహీల కాలంలో గోల్కొండ రాజ్యానికి మచిలీపట్నం రేవు ఉండేది. బియ్యం, అద్దకపు బట్టలతో పాటు హజ్ యాత్రికులు కూడా అక్కడే ఓడలెక్కి ఎర్రసముద్రపు రేవులకు సాగిపోయేవారు. తర్వాత వచ్చిన అసఫ్ జాహీ పాలకుల్లో 1759లో సలాబత్ జంగ్ మచిలీపట్నాన్ని ఇంగ్లీషు కంపెనీకి వదులుకోవడం, 1766లో నిజాం అలీ ఖాన్ ఉత్తర సర్కారులను ఇచ్చివేయడం, 1788లో గుంటూరు సర్కారు కూడా చేజారడం ఒకదాని వెంట ఒకటి జరిగి అసఫ్ జాహీ రాజ్యానికి తీరమన్నది లేకుండా పోయింది. 1947-48లో గోవాలోని మార్ముగావ్ రేవు కోసం నిజాం ప్రభుత్వం పోర్చుగీసువారితో మంతనాలు నడిపినా ఫలితం దక్కలేదు. అందువల్ల హైదరాబాద్ నుంచి ఏ ఆహారపదార్థమైనా సముద్రం దాటాలంటే ముందుగా వందల మైళ్ల నేలదారిని, దక్కను ఎండను తట్టుకుని నిలవాలి. ఈ నగరపు మాంసం ఎగుమతి చరిత్రను నడిపించింది ఆ నేలదారే.

ఆ దారిని తట్టుకునే మాంసం చాలాకాలం ఒక్కటే ఉండేది. తెలంగాణ పల్లెల్లో తునకలనీ, పాతబస్తీ ఇళ్లలో సూఖా గోష్ అనీ పిలిచే ఎండు మాంసం అది. బక్రీద్ తర్వాతి రోజుల్లో పాతబస్తీ మిద్దెల మీద ఈ పద్ధతిని నేటికీ చూడవచ్చు: మాంసాన్ని పొడవాటి పేలికలుగా కోసి, ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి, తాడు మీద బట్టల్లా ఆరవేసి, ముట్టుకుంటే కట్టెలా గట్టిపడేదాకా ఎండనిస్తారు. నీరు ఇగిరిపోతే సూక్ష్మజీవులు పెరగలేవు. ఉప్పు ఆ పనిని ఇంకా వేగిరం చేస్తుంది. చలువతో నిమిత్తం లేకుండా నెలల తరబడి నిలవ ఉండే ఈ తునకలను పేదల తిండిగా చిన్నచూపు చూడడం అన్యాయం, ఎందుకంటే శీతల యంత్రాలు రాకముందు మాంసాన్ని దూరం మోయడానికి మనుషులు కనిపెట్టిన ఉపాయాల్లో ఇంత నమ్మదగినవి కొన్నే ఉన్నాయి.

చలువ ఈ నేలకు తెలియనిదేమీ కాదు. సురేకారం కలిపిన నీటిలో తాగునీటి పాత్రను తిప్పి చల్లబరిచే పద్ధతిని అబుల్ ఫజల్ 'ఐన్-ఇ-అక్బరీ'లో వర్ణించాడు. 1833లో అమెరికాలోని బోస్టన్ నుంచి ఫ్రెడరిక్ ట్యూడర్ పంపిన 'టస్కనీ' ఓడ, చెరువుల్లో కోసిన సహజమైన మంచును వేడి తగలకుండా కప్పి కలకత్తా చేర్చింది. 1840ల తొలినాళ్లలో మద్రాసు సముద్రతీరాన అలాంటి మంచును దాచడానికే ఐస్ హౌస్ కట్టారు, తర్వాతి కాలంలో వివేకానందుడు బస చేసిన భవనం అదే. అయితే ఈ మంచు దొరల పానీయాలకూ, జ్వరపీడితులకూ ఉపయోగపడిందే గాని, సరుకును సముద్రం దాటించడానికి పనికిరాలేదు. ఆ పని యంత్రాలతోనే మొదలైంది. 1876లో ఫ్రాన్స్ నుంచి అర్జెంటీనాకు వెళ్లిన 'ఫ్రిగోరిఫిక్', 1880లో ఆస్ట్రేలియా మాంసాన్ని లండన్ చేర్చిన 'స్ట్రాత్‌లెవెన్', 1882లో న్యూజిలాండ్ నుంచి దాదాపు 5,000 గొర్రెల మాంసంతో 98 రోజులు ప్రయాణించిన 'డునెడిన్' ఆ వరుసలో చెప్పుకోదగినవి. నిజాం రాజ్యంలో 1874లోనే వాడి–సికింద్రాబాద్ రైలు మార్గం పడి బొంబాయితో సంబంధం ఏర్పడినా, ఈ కొత్త వ్యాపారంలో దక్కనుకు చోటు దొరకలేదు. ఇక్కడి పశువు నాగలికీ, బండికీ, పాలకూ పెంచినదే గాని మాంసం కోసం మందలుగా పెంచినది కాదు.

పాతబస్తీకి అరేబియా తీరంతో బంధం మాత్రం తెగలేదు. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ ప్రాంతం నుంచి వచ్చిన అరబ్బులు, బ్యారక్స్ అన్న మాట నుంచి పేరొచ్చిన బార్కస్‌లో స్థిరపడ్డారు. హద్రమౌత్‌లోని ముకల్లా సుల్తానుల వంశం వారు హైదరాబాద్ కొలువులో జమేదార్లుగా, నవాబులుగా వెలిగారు. హరీస్ అనే అరబ్బీ వంటకం ఇక్కడి మసాలాలతో హలీంగా మారింది వారి వల్లనే. 1948లో నిజాం పాలన ముగిసిన తర్వాత ఆ అరబ్బుల్లో అనేకులను వెనక్కి పంపించినా, 1973లో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో పనులు విస్తరించాక పాతబస్తీ యువకులే అటు వలస వెళ్లడం మొదలైంది. తిండి కొనుక్కోగల జనం, పశువులు లేని ఎడారి, ముస్లిం దేశాలకు కావలసిన హలాల్ కోత తెలిసిన చేతులు, ఈ మూడూ కలిసినప్పుడు మాంసం ఎగుమతికి గిరాకీ పుట్టింది.

1985 నాటి చట్టం కింద 1986లో వ్యవసాయ, ఆహార ఉత్పత్తుల ఎగుమతి సంస్థ అపెడా ఏర్పడింది. నగరానికి పడమట, ముంబయి దారి మీద, పటాన్‌చెరు దాటాక వచ్చే రుద్రారంలో అల్ కబీర్ సంస్థ ఎగుమతి కోసమే పెద్ద కబేళాను నెలకొల్పింది. అదే దారిలో జహీరాబాద్ వైపూ అలాంటి కర్మాగారం వచ్చింది. ఆవు మాంసం ఎగుమతి నిషిద్ధం కనుక ఇక్కడి నుంచి వెళ్లేది గేదె, దున్న మాంసమే, అదీ ఎముక తీసినదే. ఈ ఎముక తీయడం వెనుక ఉన్న కారణాన్ని తెలుసుకుంటే వ్యాపారమంతా అర్థమవుతుంది. మన పశువుల్లో గాలికుంటు వ్యాధి ఉంది. దాని వైరస్ మూలుగలోనూ, శోషరస గ్రంథుల్లోనూ దాక్కుని బతుకుతుంది గనుక ఆ రెండింటినీ తొలగించాలి. కండలో ఉన్న వైరస్‌ను చంపేది కండే. కోసిన పశువు మాంసాన్ని 2 డిగ్రీలకు పైన ఉన్న చల్లని గదిలో కనీసం 24 గంటలు వేలాడదీస్తే, కండరాల్లో నిలవున్న గ్లైకోజెన్ అనే చక్కెర పదార్థం లాక్టిక్ ఆమ్లంగా మారి, ఆమ్లత్వాన్ని సూచించే పీహెచ్ విలువ 6 కంటే దిగువకు పడిపోతుంది. ఆ పులుపుకు వైరస్ నిలవలేదు. తొందరపడి ముందే గడ్డకట్టిస్తే ఆమ్లం తయారు కాదు, వైరస్ చెక్కుచెదరదు. దూరం నడిచి, బెదిరి, అలసిన పశువులో గ్లైకోజెన్ ముందే ఖర్చయిపోతుంది గనుక కోతకు ముందు దానికి విశ్రాంతి, నీళ్లు ఇవ్వడం దయ మాత్రమే కాదు, సరుకు నాణ్యతకు మొదటి షరతు.

ఆ తర్వాతి దశలు త్వరగా సాగుతాయి. ఎముక తీసిన ముక్కలను అట్టపెట్టెల్లో పేర్చి, సున్నాకు 40 డిగ్రీల దిగువన ఉండే యంత్రాల్లో గడ్డకట్టించి, మైనస్ 18 వద్ద నిల్వచేస్తారు. ఒక్కొక్కటి 20 కిలోలుండే పెట్టెలు 1,400 దాకా, అంటే 28 టన్నులు, 40 అడుగుల రీఫర్ కంటైనర్‌లో పడతాయి. రీఫర్ అంటే ఒక చివర శీతల యంత్రం బిగించిన ఇనుప పెట్టె. వేడి సరుకును గడ్డకట్టించే శక్తి దానికి లేదు, గడ్డకట్టిన దాన్ని అలాగే కాపాడడమే దాని పని. నేల మీది గాడుల గుండా వచ్చే చల్లగాలి పెట్టెల చుట్టూ తిరుగుతుంది. రేవులోనూ ఓడ మీదా కరెంటు దొరుకుతుంది. దారిలో మాత్రం లారీకి తగిలించిన జనరేటర్ ఆగకూడదు. 1989లో ప్రారంభమైన, ముంబయి దగ్గరి నవశేవా రేవు దాకా దాదాపు 700 కిలోమీటర్ల ఈ దారే హైదరాబాద్ సరుకుకు అసలైన ప్రమాదస్థలం.

ఈ వ్యాపారం వివాదాలు లేకుండా సాగలేదు. ఎగుమతి కబేళాల వల్ల సేద్యపు పశువులు తరిగిపోతాయనీ, వ్యర్థజలాలు ఊళ్లను చెరుపుతాయనీ వేసిన వ్యాజ్యాలు ఏళ్ల తరబడి నడిచి, రుద్రారం కర్మాగారం విషయం 2006లో సుప్రీంకోర్టు తీర్పు దాకా వెళ్లింది. పశువును పొలం తోడుగా చూసే రైతు భయాన్ని తేలికగా తీసిపారేయడానికి వీల్లేదు. పని ఉడిగిన గేదెను అమ్ముకుంటేనే కొత్తది కొనగలిగే రైతు అవసరాన్నీ మరవరాదు.

పాతబస్తీ మాత్రం ఈ చలువకు లొంగలేదు. తరతరాలుగా కోతపని చేసే ఖురేషీల దుకాణాల్లో తెల్లవారుజామున కోసిన పెద్దకూర ఆ పూటే అమ్ముడుపోతుంది. గడ్డకట్టిన మాంసాన్ని కొనేవారికి నిన్నటి సరుకన్న అనుమానం పోదు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీం సైతం ప్రధానంగా రంజాన్ నెలలో వండే వంటకం గనుక, వారాలు పట్టే ఓడను నమ్ముకోక విదేశాలకు విమానంలోనే వెళుతుంది. ఎగుమతి లాభమూ, శీతల గదులూ ముంబయి దారి మీదికి తరలిపోగా, పాతబస్తీలో కత్తి పట్టే నైపుణ్యం మిగిలింది. ఆ నైపుణ్యానికి ఎగుమతి లెక్కల్లో తగిన చోటు ఇంకా దక్కలేదు.