ఆలోచన చెప్పువాడు, ఆజ్ఞ ఇచ్చువాడు

'మంత్రి' అన్న మాటకు మొదటి అర్థము ఆలోచన చెప్పువాడని. హిందీలోని 'మంత్రణా' అన్న మాటలో ఆ పాత అర్థము నేటికిని నిలిచియున్నది. తెలుగులో మంత్రి అనగానే మనకు ఒక శాఖయు, ఒక కచ్చేరియు, శాసనసభలో లేచి ప్రశ్నలకు సమాధానము చెప్పవలసిన ఒక మనిషియు స్ఫురింతురు. ఆలోచన చెప్పు పని సలహాదారు అన్న వేరొక పేరు ధరించి మంత్రి వెనుకకు పోయినది. కౌటిల్యుడు ఈ విషయమున చాల జాగరూకుడు. రాజు ముగ్గురు నలుగురు మంత్రులతో ఆలోచింపవలెనని అతని మతము. ఒక్కనితోనే ఆలోచించినచో ఆ ఒక్కడు అడ్డు లేక తనకు తోచినట్లు నడచునని అతని భయము. ఆ భయము ఎంత నిజమో చూచుటకు పాటలీపుత్రము వరకు పోనక్కరలేదు. 1971లో మన ఉపఖండపు భాగ్యము కొంతవరకు వాషింగ్టను నగరములోని అట్టి ఒక్క మనిషి చేతిలో ఉండినది.

అమెరికా రాజ్యాంగమును 1787లో వ్రాసినవారు, పెద్ద పదవులకు అధ్యక్షుడు నియమించువారిని సెనేటు సమ్మతింపవలెనని కట్టడి చేసినారు. శాఖాధిపతులనుండి వ్రాతమూలకముగా అభిప్రాయము కోరు హక్కును అధ్యక్షునకు ఇచ్చినారు. పక్కగదిలో కూర్చుండి అధ్యక్షునితో మాటలాడు మనిషిని గూర్చి మాత్రము అందులో ఏమియు లేదు. 1937లో లూయీ బ్రౌన్లో నాయకత్వమున ముగ్గురు సభ్యుల సంఘమొకటి అధ్యక్షుడు రూజ్వెల్టునకు ఆరుగురు సహాయకులు కావలెనని సిఫారసు చేసినది. ఆ సహాయకులు తమంతట తాము నిర్ణయములు చేయరాదు, ఆజ్ఞలు ఇయ్యరాదు, పేరుకు ఆశపడరాదు అని కూడ చెప్పినది. 1939లో కాంగ్రెసు ఆరుగురికి అనుమతి నిచ్చినది. ఆ నివేదిక వ్రాసిన పెద్దలు మనుష్యస్వభావమును గూర్చి కొంత ఉదారముగా ఊహించినారని నా అభిప్రాయము.

అయినను ఆదిలో పెద్ద అనర్థమేదియు కలుగలేదు. హారీ హాప్కిన్సు 1940 నుండి కొన్ని సంవత్సరములు శ్వేతభవనములోనే నివసించి, 1941 జూలైలో మాస్కో వెళ్లి స్టాలినుతో మాటలాడి వచ్చినాడు. అతనిని ఆక్షేపించినవారు లేకపోలేదు. కాని అతడు నడిపిన లెండ్-లీజు సహాయమునకు 1941 మార్చిలో కాంగ్రెసు చేసిన చట్టము ఆధారము. మనిషి అధ్యక్షునివాడైనను, డబ్బు ప్రజాప్రతినిధులు లెక్క చూచి ఇచ్చినది.

1953లో ఐసెన్‌హోవరు జాతీయ భద్రతా వ్యవహారములకు ఒక ప్రత్యేక సహాయకుని ఏర్పరచినాడు. దీనికి సెనేటు సమ్మతితో పని లేదు. 1969లో ఆ స్థానమునకు హార్వర్డు ఆచార్యుడైన హెన్రీ కిసింజరు వచ్చినాడు. అతడు మొదట చేసిన పని శాఖలనుండి వచ్చు కాగితములు తాను అధ్యక్షత వహించు సంఘము మీదుగా నిక్సనుకు చేరునట్లు దారి మార్చుట. వినుటకు గుమాస్తా పనివలె తోచును. ఏ కాగితము అధ్యక్షుని బల్లమీదికి పోవలెనో నిర్ణయించువాడు సగము రాజ్యము ఏలుచున్నట్లే కదా!

1971 మార్చి 25 రాత్రి పాకిస్తాను సైన్యము ఢాకా మీద విరుచుకుపడినది. ఏప్రిల్ 6న అక్కడి అమెరికా కాన్సలేటు ఉద్యోగులు ఇరవైమంది తమ ప్రభుత్వ విధానము నీతిబాహ్యమని వాషింగ్టనుకు తంతి పంపినారు. వారి అధికారి ఆర్చర్ బ్లడ్ దానిని బలపరచినాడు. ఫలితముగా అతడు ఢాకానుండి తొలగింపబడినాడు. ఆ వసంతమున నిక్సన్ తన ఎదుటకు వచ్చిన పత్రముపై, యాహ్యాఖానును ఇప్పుడు ఇరుకున పెట్టరాదని స్వహస్తముతో వ్రాసినాడు. కారణము ఢాకా తంతి వ్రాసినవారికి తెలియదు. చైనాతో రహస్యముగా స్నేహము కలుపుటకు యాహ్యాఖాను మధ్యవర్తిగా ఉండినాడు.

జూలై మొదటి వారమున కిసింజరు ఢిల్లీ వచ్చి ఇందిరాగాంధీతో మాటలాడినాడు. పిదప పాకిస్తాను వెళ్లి కడుపునొప్పి అని ప్రకటింపజేసి, 9వ తేదీ తెల్లవారుజామున పాకిస్తాను విమానములో పెకింగు చేరినాడు. 15న నిక్సన్ ఆ సంగతి బయటపెట్టునప్పటికి ప్రపంచము విస్తుపోయినది. తమ విదేశాంగ మంత్రి రోజర్సునకే చివరి గడియ వరకు పూర్తి సంగతి తెలియనీయలేదు. ఆగస్టు 9న భారతదేశము సోవియటు దేశముతో సంధి చేసికొన్నది. ఢిల్లీలో జరిగిన సంభాషణలకు, ఈ సంధికి సంబంధము లేదనుకొనుట కష్టము.

డిసెంబరు యుద్ధములో ఆ సలహాదారు ఇక సలహాతో ఆగలేదు. అతడు అధ్యక్షత వహించిన సంఘమే నిత్యము ఆ సంక్షోభమును నడిపినది. పాకిస్తాను వైపు మొగ్గవలెనన్నది అధ్యక్షుని కోరికయని శాఖల ప్రతినిధులకు 3వ తేదీన చెప్పినవాడు అతడే. జోర్డాను, ఇరాను దేశములనుండి అమెరికా యుద్ధవిమానములు పాకిస్తానుకు చేరవేయుట చట్టవిరుద్ధమని స్వంత న్యాయనిపుణులు చెప్పినను, నిక్సన్, కిసింజరు ఆ పనికి పూనుకొన్నారు. 'ఎంటర్‌ప్రైజు' నౌకాదళము బంగాళాఖాతమునకు బయలుదేరినది. ఢాకా 16న లొంగినది. జాక్ ఆండర్సన్ అను పత్రికారచయితకు ఆ సంఘపు సమావేశముల పత్రములు చిక్కి ఉండకపోయినచో, ఆ రోజులలో ఈ సంగతులు ఎవరికిని తెలియకపోయెడివి.

కిసింజరు పక్షమున చెప్పదగిన మాట కలదు. శాఖలకు తెలిసియుండినచో చైనా యాత్ర రచ్చకెక్కెడిది. ఎన్నికైన అధ్యక్షునికి తనవారిని తాను ఎన్నుకొను హక్కు ఉండవలెను. ఇది చిన్న మాట కాదు. సలహాదారుల సంఖ్య పెరిగినది కనుక ప్రభుత్వాధికారము పెరిగినదని వాదించువారితో కూడ నేను ఏకీభవింపలేను. విమానములు పంపు అధికారము, నౌకలు కదల్చు అధికారము అంతకుముందే కలవు. పెరిగినది వాటిని ప్రశ్న లేకుండ వాడుకొను వీలు. అమెరికాలో ఈ మాట ముందే పైకి వచ్చినది. 1971 మార్చిలోనే సెనేటరు సిమింగ్టన్, పేరు తప్ప అన్ని విధముల విదేశాంగ మంత్రి కిసింజరే అని సభలో చెప్పినాడు. అయినను ఆ సలహాదారును సెనేటు సంఘము ఎదుటికి పిలిపించి ప్రమాణము చేయించి అడుగు దారి లేకపోయినది. 1973లో అతడు నిజముగా విదేశాంగ మంత్రి కావలసి వచ్చినప్పుడు గాని సెనేటుకు ఆ అవకాశము దొరకలేదు. అప్పుడు వారు అడిగిన ప్రశ్నలలో, తన ఉద్యోగుల టెలిఫోనులను చాటున విన్న సంగతి ఒకటి. సలహాదారు పదవిని కూడ 1975 వరకు అతడు విడువలేదు. 1986లో ఇరానుకు రహస్యముగా ఆయుధములు అమ్మిన కథ బయటపడినప్పుడు, అందులోను ఆ కార్యాలయమే కనబడినది.

మన దేశమునకు ఈ ప్రశ్న అంటదని అనుకొనరాదు. 1967 నుండి ప్రధాని సచివాలయములో పి.ఎన్. హక్సర్ పలుకుబడి మంత్రులకు తీసిపోనిది. అయినను 1969లో బ్యాంకుల జాతీయకరణము పార్లమెంటు ఎదుటికి రావలసి వచ్చినది, మరుసటి సంవత్సరము ఆ చట్టమును సుప్రీముకోర్టు కొట్టివేసినది. ఆలోచన ఎవరిదైనను, దానికి బాధ్యుడుగా సభలో నిలిచినవారు వేరు. 1998లో ఏర్పడిన జాతీయ భద్రతా సలహాదారు పదవి చట్టము చేసి సృష్టించినది కాదు, ప్రభుత్వ నిర్ణయమున వచ్చినది. మొదట దానిని నిర్వహించిన బ్రజేశ్ మిశ్రా ప్రధానికి ప్రధాన కార్యదర్శి కూడ.

1971 నాటి ఉపఖండ సంక్షోభమును గూర్చిన పత్రములను అమెరికా విదేశాంగ శాఖ సంపుటముగా ప్రకటించినది 2005లో. ఆర్చర్ బ్లడ్ అంతకు ముందు సంవత్సరమే మరణించినాడు.